లైన్ ఎర్రేకి చవక డ్రైవర్లు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవచ్చు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఇంట్లో పాటలు వినడానికి ఒక జత లైన్ ఎర్రే టవర్లు, అంటే చిన్న స్పీకర్లని నిలువుగా ఒకే వరసలో పేర్చిన టవర్లు, సొంతంగా చేసుకోవాలి. గది ఎత్తు 2.4 మీటర్లు, మీరు కూర్చునేది స్పీకర్లకి 3 మీటర్ల దూరంలో. ఒక్కో టవర్‌కి 20 డ్రైవర్ల (పెట్టె లేని విడి స్పీకర్ల) దాకా పెట్టాలని ఉంది, మొత్తం 40 కొనాలి కాబట్టి ఒక్కొక్కటీ చవకదే అయ్యుండాలి. మీ ముందు మూడు దారులున్నాయి: 3.5 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్లు (బాస్ నుంచి ట్రెబుల్ దాకా ఒక్కటే పలికేవి), లేదా 5 అంగుళాల వూఫర్లతో (కింది స్వరాలకి) పాటు పియెజో ట్వీటర్లు (పై స్వరాలకి, కాయిల్ లేనివి), లేదా ఎవరో లాట్‌గా అమ్ముతున్న కోలగా ఉండే టీవీ స్పీకర్లు. ఏది తీసుకోవాలి, స్పెక్ షీట్‌లో ఏం చూడాలి, 4 ఓమ్‌లవా 8 ఓమ్‌లవా అన్నది ప్రశ్న.

మొదటిది తీసుకోండి. కానీ స్పెక్ షీట్ చదివే పద్ధతి మాత్రం మార్చుకోవాలి. ఎందుకంటే ఒంటరి స్పీకర్‌కి డ్రైవర్ ఎంచుకునేటప్పుడు మనం మొదట చూసేవి సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుంది), ఎన్ని వాట్లు తట్టుకుంటుంది, బాస్ ఎంత కిందికి వెళ్తుంది. లైన్ ఎర్రేలో ఈ మూడింటినీ మీరు సంఖ్యతోనే కొనేస్తున్నారు. వాటికి మళ్ళీ డబ్బు పెట్టడం దండగ.

లెక్క వేసి చూడండి. 84 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న డ్రైవర్ అంటే ఒంటరిగా మూలుగుతున్నట్టే ఉంటుంది. అవే 20 కలిసి పనిచేస్తే, మొత్తం అదే పవర్‌కి, కింది ఫ్రీక్వెన్సీల్లో 13 డెసిబెల్స్ దాకా అదనంగా వస్తుంది. ఆంప్ 40 వాట్లు ఇచ్చినా ఒక్కో డ్రైవర్‌కి వెళ్ళేది 2 వాట్లే, కాబట్టి కాయిల్ వేడెక్కదు, కోన్ పెద్దగా కదలదు, డిస్టార్షన్ కూడా తక్కువగా ఉంటుంది. 3.5 అంగుళాల డ్రైవర్ కోన్ వైశాల్యం సుమారు 35 చదరపు సెంటీమీటర్లు. ఇరవై కలిస్తే 700. పన్నెండు అంగుళాల వూఫర్ ఒకటి 500 చిల్లర ఉంటుంది. అంటే ఆ సన్నటి టవర్‌లో 12 అంగుళాల వూఫర్ కంటే పెద్ద కోన్ దాక్కుని ఉందన్నమాట. అందుకే "15 వాట్లే తట్టుకుంటుందట, సరిపోతుందా" అని అడిగేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది.

సంఖ్యతో కొనలేనివి మూడే: డ్రైవర్ల మధ్య దూరం, పై ట్రెబుల్ నాణ్యత, అన్నీ ఒకేలా ఉండటం. మీ డబ్బంతా వీటి మీదే పెట్టండి.

ముందు దూరం సంగతి. పక్కపక్క డ్రైవర్ల కేంద్రాల మధ్య దూరం ఒక తరంగ దైర్ఘ్యం దాటితే కోంబ్ ఫిల్టరింగ్ (వేర్వేరు డ్రైవర్ల శబ్దాలు ముందూవెనకా చేరి కొన్ని ఫ్రీక్వెన్సీల్ని కొట్టేసుకోవడం) వస్తుంది, సగం తరంగ దైర్ఘ్యం లోపల ఉంటే ఇంకా మంచిది అని అంతటా చదివే ఉంటారు. శబ్దం వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు కాబట్టి 10 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగ దైర్ఘ్యం 3.4 సెంటీమీటర్లు. ఆ నియమం అక్షరాలా పాటించాలంటే 20 కిలోహెర్ట్జ్‌కి 1.7 సెంటీమీటర్లకో డ్రైవర్ పెట్టాలి. అంత చిన్న డ్రైవర్‌తో 1.76 మీటర్ల టవర్ నింపాలంటే వందకి పైగా కావాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. చాలామంది ఇక్కడే నిరుత్సాహపడి మానేస్తారు.

కానీ మీకు కావాల్సింది మీ కుర్చీలో ఏం వినపడుతుందన్నది. మీ చెవి లైన్ మధ్య ఎత్తులో ఉందనుకుందాం. 88 మి.మీ. దూరంతో 20 డ్రైవర్లు పెడితే లైన్ పొడవు 1.76 మీటర్లు. చెవికి ఎదురుగా ఉన్న డ్రైవర్లన్నీ దాదాపు ఒకే దూరంలో ఉంటాయి, అక్కడ పేచీ లేదు. పేచీ వచ్చేది చివర్లలో. టవర్‌కి 3 మీటర్ల దూరంలో ఉన్న చెవికి చిట్టచివరి డ్రైవర్ నుంచి 3.114 మీటర్లు, దాని పక్కదాని నుంచి 3.092 మీటర్లు. తేడా సుమారు 2.2 సెంటీమీటర్లు. ఇది ఒక పూర్తి తరంగ దైర్ఘ్యం అయ్యేది 15 కిలోహెర్ట్జ్ దగ్గర. అంటే మీ కుర్చీలో అసలు గొడవ 15 కిలోహెర్ట్జ్ దాటాకే మొదలవుతుంది. అదే టవర్‌ని 1.5 మీటర్ల దగ్గర కూర్చుని వింటే తేడా 4.1 సెంటీమీటర్లు, గొడవ 8 కిలోహెర్ట్జ్ పైనుంచే మొదలు. లైన్ ఎర్రేని కంప్యూటర్ టేబుల్ పక్కన పెట్టుకుని "కోంబింగ్ వస్తోంది" అని తిట్టడంలో న్యాయం లేదు.

అదే లెక్క 135 మి.మీ. ఫ్రేమ్ ఉన్న 5 అంగుళాల డ్రైవర్లకి వేస్తే, 3 మీటర్ల దగ్గర కూడా గొడవ మొదలయ్యే గీత 10 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలకి దిగిపోతుంది. పైగా ఆ సైజు కోన్ అంత పైకి సరిగ్గా పలకదు. 3.5 అంగుళాలది ఎందుకు మధ్యేమార్గమో ఇప్పుడు తెలిసే ఉంటుంది. 2 అంగుళాలవి ఇంకా మంచివే, కానీ సంఖ్య, రంధ్రాలు, స్క్రూలు, టంకాలు అన్నీ రెట్టింపు అవుతాయి, బాస్ వైపు కూడా నష్టం. మెకిన్‌టాష్ అనే ఆడియో కంపెనీలో అకౌస్టిక్ రీసెర్చ్ విభాగం చూసిన రోజర్ రసెల్ తర్వాత సొంతంగా చేసిన ఐడీఎస్-25 లోనూ ఉన్నవి 3.5 అంగుళాల డ్రైవర్లే, టవర్‌కి 25. సొంతంగా చేసుకునేవాళ్ళలో పీర్‌లెస్ టీసీ9 అనే 3.5 అంగుళాల పేపర్ కోన్ డ్రైవర్ ఇలాంటి టవర్లకి బాగా పేరు తెచ్చుకుంది. అది దొరికితే కళ్ళు మూసుకుని కాదు గానీ, ఒక కన్ను మూసుకుని కొనొచ్చు.

కాబట్టి షీట్‌లో మొదట చూడాల్సిన అంకె ఫ్రేమ్ బయటి కొలత. "3.5 అంగుళాలు" అని రాసి ఉన్నవాటిలోనే ఒకటి 85 మి.మీ. ఉంటుంది, ఇంకొకటి 93 ఉంటుంది. పక్కలు కోసినట్టుండే ఫ్రేమ్ అయితే ఇంకా నయం, ఆ కోసిన వైపులు పైకీ కిందికీ వచ్చేలా బిగిస్తే మి.మీ.లు కలిసొస్తాయి. అలంకారానికి చుట్టూ వెడల్పాటి అంచు ఉన్నవాటి జోలికి వెళ్ళకండి.

రెండోది ట్రెబుల్. దీన్ని చాలామంది టవర్ కట్టేశాకే తెలుసుకుంటారు. ఫుల్ రేంజ్ లైన్‌ని ఏ ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీ స్థాయిని పెంచి తగ్గించే ఈక్వలైజర్) లేకుండా వింటే దుప్పటి కప్పినట్టు ఉంటుంది, డ్రైవర్ ఎంత మంచిదైనా సరే. కారణం ఇదీ. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మీ చెవికి నిజంగా కలిసొచ్చేది లైన్‌లో కొంత ముక్క మాత్రమే. ఆ ముక్క పొడవు, ఉజ్జాయింపుగా, తరంగ దైర్ఘ్యాన్ని మీ దూరంతో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. 3 మీటర్ల దగ్గర 1 కిలోహెర్ట్జ్‌కి అది మీటరు, అంటే 11 డ్రైవర్లు. 10 కిలోహెర్ట్జ్‌కి 32 సెంటీమీటర్లు, అంటే మూడు నాలుగు డ్రైవర్లే. మిగతావి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 100 హెర్ట్జ్ దగ్గర మొత్తం ఇరవై కలిసి పాడతాయి. అందుకని ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. 1 నుంచి 16 కిలోహెర్ట్జ్‌కి నాలుగు రెట్టింపులు, అంటే 12 డెసిబెల్స్.

ఈ వాలుని ఈక్యూతో సరిచేయాల్సిందే, తప్పించుకునే దారి లేదు. పైన పెంచడం కంటే కింద తగ్గించడం నయం, ఇందాక సంఖ్యతో సంపాదించిన డెసిబెల్స్‌లో చాలాభాగం ఇక్కడే ఖర్చవుతాయి. ఇప్పుడు ఆలోచించండి: మీ చవక డ్రైవర్ తనంతట తానే 12 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ కిందికి జారేదైతే ఆ 6 కూడా దీనికి తోడవుతాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. అందుకే గ్రాఫ్‌లో 15 కిలోహెర్ట్జ్ దాకా నిలబడే డ్రైవర్ కావాలి. ఆ పైన చిన్న పొంగు ఉన్నా ఫర్వాలేదు, మన వాలుకి అది సాయమే. కానీ 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య సూదిలా లేచిన శిఖరం ఉంటే వదిలేయండి. లోహపు కోన్‌లున్న చవకరకాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. డ్రైవర్‌కీ డ్రైవర్‌కీ మధ్య ఉండే చిన్నచిన్న తేడాలు ఇరవై కలిసేసరికి సగటున సర్దుకుంటాయి. ఇరవైకీ ఒకే చోట ఉన్న లోపం మాత్రం ఎన్ని పెట్టినా పోదు, ఒకే తప్పుని ఇరవై గొంతులు కలిసి పాడతాయి.

ఈక్యూ అనగానే టెన్షన్ వద్దు. కంప్యూటర్ నుంచి వింటే ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ కూడా అంతే. ఒక కొలత మైక్ కొనుక్కోండి. డ్రైవర్ ధర ఒక మెట్టు తగ్గించుకుని అయినా మైక్ కొనమని చెప్తాను, మైక్ లేకుండా లైన్ ఎర్రే కట్టడం చీకట్లో సూదికి దారం ఎక్కించడమే. కంప్యూటర్ వద్దనుకుంటే ఈక్యూ చేసే చిన్న డీఎస్‌పీ పెట్టె ఒకటి మధ్యలో పెట్టాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

మూడోది, అన్నీ ఒకేలా ఉండటం. దీని గురించి నా గోడు కాస్త వినండి. నా రెండో జతకి ఒక అమ్మకందారు దగ్గర మిగులు సరుకు 50 కొన్నాను. లేబుల్ ఒకటే, ఫోటో ఒకటే. ఇంటికొచ్చాక మల్టీమీటర్ పెడితే 31 డ్రైవర్లు 6.5 ఓమ్‌ల చుట్టూ చూపించాయి, 19 మాత్రం 3.4 చూపించాయి. మీటర్ ఎప్పుడూ రాసినదానికంటే కాస్త తక్కువే చూపిస్తుంది, అంటే 8 ఓమ్‌లవీ 4 ఓమ్‌లవీ ఒకే పెట్టెలో కలిపేశారు. వెనక్కి తీసుకోమంటే "లాట్ సరుకు, ఉన్నది ఉన్నట్టే" అన్నాడు. ఆ 19 ఇప్పటికీ నా అటక మీదే ఉన్నాయి. అప్పట్నుంచి నేను పెట్టుకున్న రూలు: ముందు రెండు కొను, కొలువు, విను. నచ్చితే మిగతావన్నీ ఒకేసారి, ఒకే చోట, ఒకే బ్యాచ్‌లో కొను. ఒకే తాను ముక్కలై ఉండాలి. 40 కావాలంటే 44 కొనండి, రెండేళ్ళ తర్వాత ఒకటి పోతే అదే మోడల్ దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

వచ్చాక ప్రతిదానికీ రెండు పరీక్షలు చేయండి. మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ ఒకటి. రెండోదానికి మామూలు 1.5 వోల్టుల సెల్ చాలు: సెల్ ప్లస్‌ని డ్రైవర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. టక్ మని కోన్ బయటికి దూకాలి. లోపలికి ముడుచుకుంటే టెర్మినల్ గుర్తు తప్పు వేశారన్నమాట, స్కెచ్ పెన్‌తో మీరే గుర్తు పెట్టుకోండి. తాకించేటప్పుడు కోన్ మీద వేలు ఆనించి చూస్తే కంటికంటే బాగా తెలుస్తుంది. ఇరవైలో ఒకటి తిరగబడితే చెవితో పట్టుకోవడం చాలా కష్టం, ఏదో బోలుగా ఉందనిపిస్తుంది గానీ ఎక్కడో తెలియదు. నేను ఒకసారి నాలుగు నెలలు అలాగే విని, తప్పు గదిదనుకుని గోడలకి ఫోమ్ అంటించాను.

ఇంపిడెన్స్ (ఆంప్‌కి డ్రైవర్ చూపే అడ్డు, ఓమ్‌లలో) విషయంలో మీకున్న సందేహం అనవసరం. 4 ఓమ్‌లదా 8 ఓమ్‌లదా అన్నది డ్రైవర్ ఎంపికకి అడ్డు కాకూడదు, ఏది చవకైతే అది తీసుకుని వైరింగ్‌తో సర్దుకోవచ్చు. 8 ఓమ్‌లవి 20 ఉంటే నాలుగేసి చొప్పున సిరీస్‌లో కలపండి, అలాంటి వరసలు ఐదు ప్యారలల్‌లో. నాలుగు ఎనిమిదులు 32, దాన్ని ఐదుతో భాగిస్తే 6.4 ఓమ్‌లు. 4 ఓమ్‌లవైతే ఐదేసి సిరీస్‌లో, నాలుగు వరసలు ప్యారలల్‌లో, మొత్తం 5 ఓమ్‌లు. రెండూ మామూలు ఆంప్ హాయిగా నడిపేవే. ప్రతి వరసనీ కలపగానే మీటర్ పెట్టి చూడండి, నాలుగు 8 ఓమ్‌ల డ్రైవర్ల వరస 26 దగ్గర చూపించాలి. ఇరవైకీ టంకం పెట్టేశాక తప్పు వెతకడం నరకం. ఒక కాయిల్ తెగిపోతే దాని వరసలోని నాలుగూ మూగబోతాయి కాబట్టి ఒక వరసలోని డ్రైవర్లు టవర్‌లో పక్కపక్కనే ఉండేలా చూసుకోండి, ఏ భాగం పలకడం లేదో చెవి దగ్గర పెడితే దొరికిపోతుంది.

ఇక మీ రెండో దారి. వూఫర్లు, ట్వీటర్లు విడివిడిగా రెండు లైన్లు. సూత్రప్రకారం ఇదే మేలు, కానీ చవకలో కాదు. ట్వీటర్ లైన్ కూడా వూఫర్ లైన్ అంత పొడవు ఉండాలి, లేకపోతే దూరం మారినకొద్దీ రెండిటి బ్యాలెన్స్ మారిపోతుంది: పొడవాటి లైన్ దగ్గర దూరం రెట్టింపైతే 3 డెసిబెల్స్ తగ్గితే, పొట్టి లైన్ దాని హద్దు దాటాక 6 తగ్గుతుంది. చవక డోమ్ ట్వీటర్ల అంచు 100 మి.మీ. దాకా ఉంటుంది, అంటే 3.5 అంగుళాల ఫుల్ రేంజ్ కంటే ఎడం ఎక్కువ. ట్వీటర్లు పెట్టి సాధించిందేముంది? నా మొదటి జత ఇదే. కూర్చుంటే ఒక ధ్వని, లేచి నిలబడితే ఇంకో ధ్వని, తల ఊపితే ధ్వని ఊగిసలాడే ఫేజర్ ఎఫెక్ట్. చిన్న నియోడిమియం ట్వీటర్లు, ప్లేనార్‌లు (పలచటి పొరతో పలికే ట్వీటర్లు) పెడితే బాగుంటుంది గానీ అప్పుడు ఖర్చు ఎక్కడికో వెళ్తుంది. ఒకవేళ ఆ దారిలోనే వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి: క్రాసోవర్ (బాస్‌ని వూఫర్‌కీ ట్రెబుల్‌ని ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) ప్రతి ట్వీటర్‌కీ అక్కర్లేదు, టవర్‌కి ఒక్కటి చాలు, మొత్తం లైన్ ఇంపిడెన్స్‌కి లెక్కేసి కడితే సరిపోతుంది. పియెజోలు మాత్రం వద్దు. అరుపే తప్ప పాట రాదు.

టీవీ స్పీకర్ల మీద మాత్రం నాకు కొంచెం మమకారం ఉంది. చవకలో చవక, కొన్ని గొంతు వరకు చాలా తియ్యగా పలుకుతాయి. చిక్కేమిటంటే ఆ కోల ఆకారం. నిలువుగా పెడితే పక్కలకి బాగా పరుచుకుంటుంది కానీ డ్రైవర్ల మధ్య ఎడం పెరుగుతుంది. అడ్డంగా పెడితే ఎడం తగ్గుతుంది కానీ సోఫా చివర కూర్చున్నవాళ్ళకి ట్రెబుల్ అందదు. పైగా చాలావాటికి 10 కిలోహెర్ట్జ్ దాటాక ఊపిరి ఉండదు. పాత సరుకైతే అంచు ఫోమ్‌ని వేలితో మెల్లగా నొక్కి చూడండి, పొడిపొడిగా రాలితే ఇక చెప్పేదేముంది. మాటలకి, సినిమాలకి మధ్య స్పీకర్‌గా ఒక చిన్న లైన్ చేసుకోండి, ముచ్చట తీరుతుంది. ప్రధాన టవర్లకి వద్దు.

బాస్ గురించి ఎక్కువ చెప్పను. డ్రైవర్‌కి ఒకటిన్నర లీటరు చొప్పున 30 లీటర్ల సీల్డ్ (గాలి బయటికి పోని) పెట్టె కడితే ఈ సైజు డ్రైవర్లు 100 హెర్ట్జ్ పైనుంచి ధీమాగా పలుకుతాయి. అంత కోన్ వైశాల్యం ఉంది కాబట్టి ఈక్యూతో ఇంకాస్త కిందికి లాగొచ్చు, కానీ 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర సబ్‌కి (బాస్ కోసం విడిగా పెట్టే సబ్‌వూఫర్‌కి) అప్పజెప్పడం అందరికీ సుఖం. కాబట్టి షీట్‌లో రెజొనెన్స్ (డ్రైవర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 90 ఉందా 120 ఉందా అని మథనపడకండి.

కొనేముందు చూడాల్సింది ఇంకొకటుంది, వెనక భాగం. 88 మి.మీ.కి ఒక రంధ్రం, రంధ్రం 76 మి.మీ. అయితే రెండు రంధ్రాల మధ్య మిగిలే చెక్క 12 మి.మీ. మాత్రమే. పోస్టల్ స్టాంపు అంచులా పలక బలహీనపడుతుంది, అడ్డంగా బద్దలు వేసి బలం ఇవ్వాలి. డ్రైవర్ మాగ్నెట్ వెడల్పుగా ఉండి రంధ్రాన్ని దాదాపు మూసేస్తే, 18 మి.మీ. పలకలో కోన్‌కి వెనక గాలి ఆడదు. చిన్న మాగ్నెట్, సన్నటి కాళ్ళున్న బుట్ట (కోన్‌ని పట్టి ఉంచే వెనక చట్రం) ఉన్న డ్రైవర్ అయితే ఈ తలనొప్పి సగం పోతుంది. ఎలాగైనా రంధ్రాల వెనక అంచుల్ని ఏటవాలుగా చెక్కేయండి.

కొలతలు షీట్ నుంచి కాకుండా చేతిలో ఉన్న డ్రైవర్ నుంచి, వెర్నియర్‌తో, నాలుగైదు డ్రైవర్లకి తీయండి. నేను ఒకసారి కాగితం మీది కొలత నమ్మి పలక కోయించాను. ఫ్రేమ్ అర మిల్లీమీటరు ఎక్కువుంది. ఒక్క డ్రైవర్‌కి అది లెక్కలోకి రాదు, ఇరవయ్యో డ్రైవర్ దగ్గరికి వచ్చేసరికి సెంటీమీటరు అయింది, చివరిది పట్టలేదు. మీ రెండు శాంపిల్స్ వచ్చాక ఫ్రేమ్ కొలత, మల్టీమీటర్ రీడింగ్, 2 నుంచి 18 కిలోహెర్ట్జ్ వరకు గ్రాఫ్ పెట్టండి. 40 ఆర్డర్ చేసే ముందు నేనూ ఒకసారి లెక్క చూస్తాను.